ఒక్క చుక్క ఎక్కువ

ఇంటర్‌లో సైన్సు చదివి, ప్రాక్టికల్స్‌లో ఒక్క రీడింగు కూడా వండని మహానుభావులు ఎవరైనా ఉంటే వాళ్లకు నా దండం. మిగిలిన మనం ఒక తానులో ముక్కలమే కాబట్టి దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. జవాబు ఎంత రావాలో ముందే కూపీ లాగడం, ఆ జవాబు రావాలంటే బ్యూరెట్ ఎంత చూపించాలో వెనక్కి లెక్కేయడం, అదే అంకెను రెండుసార్లు రాసి, మొదటి రీడింగు మాత్రం ఒక్క పాయింటు తేడాగా పెట్టి నిజంగా చేసినట్టు నమ్మించడం. ఈ విద్యలో నన్ను మించినవాడు మా జిల్లాలో లేడని నా నమ్మకం. మీలో చాలామంది ఆ విద్యను ఇంటర్‌తోనే వదిలేసి ఉంటారు. నేను ఉద్యోగం దాకా మోసుకెళ్లాను. అందుకే ఇదంతా మీకు చెప్పుకోవాలనిపించింది.

అసలు టైట్రేషన్ చాలా చిన్న పని. తెలుగు మీడియంలో అంశమాపనం అనేవాళ్లం. శంకు కుప్పెలో ఆమ్లం, పైన బ్యూరెట్ అనే నిలువు గొట్టంలో క్షారం. కుప్పెలో రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేసి, గొట్టం మర తిప్పి, క్షారాన్ని చుక్కచుక్కగా వదులుతూ కుప్పెను గుండ్రంగా ఆడించాలి. ఆమ్లం ఉన్నంతసేపూ నీళ్ల రంగే. ఆమ్లం మొత్తం ఖర్చైపోయి, క్షారం ఒక్క చుక్క మిగిలిన క్షణంలో లేత గులాబీ రంగు వచ్చి నిలబడుతుంది. పసిపిల్ల గోటి రంగు అంత లేతగా. అక్కడ ఆపి, ఎన్ని మిల్లీలీటర్లు దిగిందో చూసుకుంటే, ఎంత ఆమ్లం ఉందో పైసలతో సహా చెప్పేయొచ్చు. పదిహేడేళ్ల వయసులో నాకు ఆ లేత రంగు నచ్చలేదు. ఇంత కష్టపడితే వచ్చేది ఇదేనా అనిపించేది. పక్క టేబుల్ వాళ్లు కూడా తలతిప్పి చూసేలా రాణీ రంగు వస్తేనే పని పూర్తయినట్టు ఉండేది నాకు.

రంగు పిచ్చికి తోడు పేర్ల పిచ్చి. కాలేజీ లైబ్రరీలో ఓ పాత పుస్తకం దొరికింది. వైలెట్ పూల రసం ఆమ్లంలో ఎర్రబడుతుందనీ, క్షారంలో ఆకుపచ్చగా మారుతుందనీ రాబర్ట్ బాయిల్ 1664లో రంగుల మీద రాసిన పుస్తకంలో చెప్పాడని అందులో చదివాను. ఫ్రాన్సులో డెక్రోయిజీ అనే ఆయన గుడ్డల్ని తెల్లబరిచే క్లోరిన్ ద్రావణం బలం తెలుసుకోడానికి నీలిమందు రంగు పోయేదాకా కలిపి కొలిచేవాడనీ, 1855లో మోర్ అనే జర్మన్ ఈ విద్య మీద పెద్ద గ్రంథమే రాశాడనీ, ఫినాఫ్తలీన్‌ను 1871లో బేయర్ తయారుచేశాడనీ, పీహెచ్ కొలతను 1909లో కోపెన్‌హాగన్‌లో సొరెన్‌సెన్ ప్రవేశపెట్టాడనీ బట్టీ పట్టాను. క్యాంటీన్లో, సైకిల్ స్టాండులో, చివరికి పెళ్లిభోజనాల పంక్తిలో కూడా ఈ పేర్లు వడ్డించేవాడిని. వినేవాళ్ల ముఖాల్లో గౌరవం కనిపించేది. వాళ్లకు అప్పటికి సాంబారు అందలేదన్న సంగతి నాకు పట్టేది కాదు.

అలాంటి పండితుణ్ని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒకసారి నోటితోనే పలకరించింది. అప్పట్లో మా ల్యాబుల్లో పిపెట్‌కు రబ్బరు బల్బులు ఉండేవి కావు. నోటితో పీల్చి, ద్రావణం గీత దాటగానే చూపుడువేలు అడ్డంపెట్టాలి. అలా చేయకూడదని ఈ రోజుల్లో పిల్లలకు మొదటి రోజే చెబుతున్నారు, చాలా మంచి పని. ఆ రోజు నేను పక్క బ్యాచ్ అమ్మాయిలకు వినపడేలా ఏదో వివరిస్తూ, మధ్యమధ్యలో పిపెట్ పీలుస్తున్నాను. పిపెట్ కొన ద్రావణంలోంచి పైకి తేలింది. గాలి లోపలికి దూసుకొచ్చింది. దాంతోపాటు క్షారమంతా నా నోట్లోకి వచ్చింది. నాలుక మీద సబ్బు జిగురు. ఎవరైనా ఏం చేస్తారు? ఉమ్మేసి కుళాయి దగ్గరికి పరుగెత్తుతారు. నేను ఉమ్మేశాను గానీ పరుగెత్తలేదు. ఆలోచించాను. క్షారానికి విరుగుడు ఆమ్లం కదా, తటస్థీకరణ చేస్తే ఉప్పూ నీళ్లూ మిగులుతాయి కదా అని సాల్ట్ అనాలిసిస్ అలమరలో ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా అందుకున్నాను!

మా ల్యాబ్ అటెండరు పదో తరగతి దాటని మనిషి. వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, సీసా లాక్కుని, మెడ పట్టుకుని కుళాయి కింద వంచేశాడు. "నీళ్లు బాబూ, నీళ్లు! పుక్కిలించు, ఇంకా పుక్కిలించు" అంటూ పావుగంట సేపు నన్ను అక్కడే నిలబెట్టాడు. సిద్ధాంతం ప్రకారం నేను చెప్పింది తప్పు కాదు. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయి. కాకపోతే ఆ చర్యలో వేడి పుడుతుంది. బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసినప్పుడు ఒక మోల్ నీరు ఏర్పడితే సుమారు 57 కిలోజౌళ్లు. గాఢమైన ద్రావణాలైతే ఆ వేడికి చర్మం కాలుతుంది. పైగా ఎంత క్షారానికి ఎంత ఆమ్లమో నోట్లో కొలిచేదెవరు? ఒక చుక్క తక్కువైతే క్షారం మిగులుతుంది, ఒక చుక్క ఎక్కువైతే ఆమ్లం మిగులుతుంది. క్షారం పడినా ఆమ్లం పడినా మందు నీళ్లే. ఆ సంగతి అటెండరుకు తెలుసు, నాకు తెలీదు.

ఇక పబ్లిక్ ప్రాక్టికల్ పరీక్ష సంగతి. లెక్క ఆక్సాలిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్. ఆమ్లం బలం 0.05 మొలార్ అని పేపర్లోనే ఉంది. క్షారం బలం మేం కనుక్కోవాలి. ముందు బ్యాచ్ వాడొకడు బయటికొస్తూ నా చెవిలో "సోడా 0.1" అని ఊదాడు. సోడా అంటే మా భాషలో సోడియం హైడ్రాక్సైడే. ఇంకేం కావాలి? కుప్పెలో 20 మిల్లీలీటర్ల ఆమ్లం, 0.05 బలం, అటువైపు 0.1 బలం. 20ని 0.05తో గుణించి 0.1తో భాగిస్తే 10. రాసేశాను. మొదటి రీడింగు 10.1, తర్వాత 10.0, మళ్లీ 10.0. దస్తూరీ ముత్యాల్లా ఉంది. చేసినట్టు కనిపించాలి కాబట్టి బ్యూరెట్ మర తిప్పి పది మిల్లీలీటర్లు కుప్పెలోకి వదిలాను. ఎక్స్‌టర్నల్ సార్ ఇంకా నాలుగు టేబుళ్ల అవతల ఉన్నాడు.

కుప్పెలో రంగు లేదు.

ఫినాఫ్తలీన్ తక్కువైందేమో అనుకుని ఇంకో రెండు చుక్కలు వేశాను, రాలేదు, నాలుగు వేశాను, రాలేదు, సీసా వంచి ధారగా పోశాను, కుప్పెలో నీళ్లు పాలవిరుగుడులా తెల్లగా మబ్బుపట్టాయి గానీ గులాబీ జాడ లేదు, సార్ రెండు టేబుళ్ల అవతలికొచ్చేశాడు, నా చేతులు వణుకుతున్నాయి, ఇక చుక్కలతో పనికాదని మర పూర్తిగా తిప్పేశాను, ధార పడుతోంది, పడుతోంది, ఒక్కసారిగా కుప్పె మొత్తం రాణీ రంగు, మర కట్టేసేలోపు ఇంకా పడింది, తలెత్తితే ఎదురుగా సార్. ఆయన కుప్పెను చూశాడు. బ్యూరెట్ చూశాడు, 27 దాటి ఉంది. నా కాగితం చూశాడు, 10.0.

"బాబూ, ఆక్సాలిక్ ఆమ్లం ఒక్కో అణువు ఎన్ని హైడ్రోజన్లు వదులుతుంది?"

"రెండండీ."

"మరి నీ లెక్కలో రెండోది ఎక్కడికి పోయింది?"

అది ద్విక్షారత గల ఆమ్లం. దాని ఒక్క మోల్‌ను శాంతింపజేయడానికి సోడియం హైడ్రాక్సైడ్ రెండు మోల్‌లు కావాలి. రావాల్సిన రీడింగు 20 దరిదాపుల్లో. నేను వండినది అందులో సగం. వంట కూడా సరిగ్గా రాలేదు! పది మిల్లీలీటర్ల దగ్గర కుప్పెలో ఉన్నది సగం చచ్చిన ఆమ్లం. దాని పీహెచ్ ఇంకా 3 దగ్గరే తచ్చాడుతుంది. ఫినాఫ్తలీన్ 8 దాటితే గానీ గులాబీ ఎక్కదు. అందుకే నేను సీసా మొత్తం కుమ్మరించినా దానికి పట్టలేదు. ఆ మబ్బు కూడా ఫినాఫ్తలీన్‌దే. ఆల్కహాల్లో బాగా కరిగే ఆ పొడి నీళ్లలో సరిగా కరగక తేలిపోయింది. బాయిల్, బేయర్, సొరెన్‌సెన్ అందరూ నా నాలుక చివరే ఉన్నారు. వైవాలో వాళ్లలో ఒక్కరి పేరూ సార్ అడగలేదు. పాస్ మార్కులు వేసి పంపించాడు. మంచి మనిషి.

ఆ ఒక్క చుక్క మహిమ నాకు అర్థమైంది చాలా ఏళ్ల తర్వాత. 20 మిల్లీలీటర్ల 0.1 మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి అంతే బలమున్న సోడియం హైడ్రాక్సైడ్ వదులుతున్నామనుకోండి. మొదట్లో పీహెచ్ 1. పది మిల్లీలీటర్లు పడ్డాక కూడా 1.5 దగ్గరే. పద్దెనిమిది పడితే 2.3. పంతొమ్మిది పడితే 2.6. మూడు వంతుల పైన పని అయిపోయినా కుప్పెలో ఏమీ జరగనట్టే ఉంటుంది. 19.95 దగ్గర 3.9. ఇక అక్కడినుంచి రెండే రెండు చుక్కలు, 20.05 దగ్గరికి వచ్చేసరికి 10.1! పంతొమ్మిది మిల్లీలీటర్లకు పైగా పోసినా రెండు అంకెలు కదలనిది, రెండు చుక్కలకు ఆరు అంకెలు గెంతుతుంది. ఒక అంకె అంటే పదింతలు కాబట్టి ఆరంటే పది లక్షల రెట్లు దాటిన మార్పు. ఇంత అద్భుతం కళ్లముందు జరుగుతుంటే నేను కాగితం మీద అంకెలు వండుకుంటూ కూర్చున్నాను. చుక్క వేసి, ఆడించి, ఆగి, ఇంకో చుక్క వేసేంత ఓపిక ఉంటే ఆ గెంతును నా చేత్తో నేనే పట్టుకునేవాడిని. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

మా అమ్మకు ఈ గెంతు బాగా తెలుసు. దిష్టి తీయడానికి పసుపునీళ్లలో సున్నం కలిపేది. ఒక చిటికెడు వేసి చూసేది, ఇంకాస్త వేసేది. పచ్చటి నీళ్లు ఎర్రబడగానే సున్నం డబ్బా మూసేసేది. పక్కనే కూర్చుని నేను సూచికల గురించి ఉపన్యాసం ఇస్తుంటే ఓపిగ్గా వినేది. ఏసీబీ వాళ్లు లంచం నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి, పట్టుబడ్డవాడి చేతుల్ని సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు మారతాయని పేపర్లో వచ్చినప్పుడల్లా వీధి వీధంతా నా దగ్గరే వివరణ వినాల్సి వచ్చేది. పరీక్షలో నాకు రంగు రాని సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

డిగ్రీ అయ్యాక ఓ పాల శీతలీకరణ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. పల్లెల సొసైటీల నుంచి 40 లీటర్ల క్యాన్లు తెల్లవారకముందే దిగేవి. ప్రతి క్యానులోంచీ మచ్చుకు పాలు తీసి ఆమ్లత చూడాలి. 10 మిల్లీలీటర్ల పాలు, అందులో ఫినాఫ్తలీన్, పైనుంచి 0.1 బలమున్న సోడా. ఒక్కో మిల్లీలీటరు సోడా 0.009 గ్రాముల లాక్టిక్ ఆమ్లానికి సమానం అని లెక్క. తాజా పాలకు మిల్లీలీటరున్నర దిగుతుంది, అంటే 0.135 శాతం. నిజానికి తాజా పాలలో లాక్టిక్ ఆమ్లం దాదాపు ఉండదు. ఆ సోడాను తాగేది పాలలోని కేసీన్, ఫాస్ఫేట్లు, కరిగిన కార్బన్ డయాక్సైడ్. గేదె పాలలో కేసీన్ ఎక్కువ కాబట్టి అంకె కాస్త పైనే ఉంటుంది. ఎండలకు సూక్ష్మజీవులు పెరిగి పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చేకొద్దీ రీడింగు ఇంకా పైకి పోతుంది. మా కేంద్రంలో 0.15 దాటితే క్యాను వెనక్కే.

నాకు ఇక్కడా తొందరే. ట్యూబులైటు వెలుతురులో తెల్లటి పాల మీద లేత గులాబీ కనిపెట్టాలంటే కళ్లు చిట్లించాలి, పక్కన సోడా కలపని పాలు గిన్నెలో పెట్టుకుని పోల్చి చూడాలి. నేను పోల్చేవాడిని కాదు. దూరం నుంచే కనిపించే రంగు వచ్చేదాకా వదిలేవాడిని. క్యాన్లు దించే కుర్రాళ్లు "సార్ చెయ్యి స్పీడు" అనేవాళ్లు. ఆ మాటకు ఉబ్బి ఇంకా స్పీడు పెంచేవాడిని. దీనికి తోడు ఇంకో సంగతి. సోడా ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని రోజురోజుకీ బలం తగ్గుతుంది. అందుకే ప్రతి వారం ఆక్సాలిక్ ఆమ్లంతో దాని బలం సరిచూసి రిజిస్టర్లో రాయాలి. ఆక్సాలిక్ ఆమ్లం పేరు వింటేనే నాకు పరీక్ష హాలు గుర్తొచ్చేది. డబ్బా మూత తీయకుండానే రిజిస్టర్లో రాసేవాడిని. 0.1. మళ్లీ వారం 0.1. ఆ పై వారం 0.1.

వేసవిలో ఓ తెల్లవారుజామున చిన్న సొసైటీ క్యాను వచ్చింది. రీడింగు 1.9. లెక్కకు 0.171. "పులిసింది, వెనక్కి!" అని అరిచాను. క్యాను తెచ్చినాయన కదల్లేదు. "ఇందాకే పితికాం బాబూ, ఇంకా వేడి తగ్గలేదు, క్యాను మీద చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. నేను అంకె చూపించాను. ఆయన అంకె చూడలేదు, నా ముఖమే చూశాడు. గొంతు విని మా సూపర్‌వైజరు వచ్చాడు. ఏమీ అనకుండా అవే పాలు పరీక్షనాళికలో పోసి మరిగించాడు. విరగలేదు. తన బీరువాలోంచి కొత్త సోడా తీసి టైట్రేషన్ చేశాడు. చివర్లో చుక్కకీ చుక్కకీ మధ్య ఆయన ఆగిన తీరు చూస్తుంటే నాకు చెమటలు పట్టాయి. 1.5.

"నీ సోడా ఎప్పుడు స్టాండర్డైజ్ చేశావు?" అని అడిగాడు. రిజిస్టర్ తెరిచి చూపించాను. ఆ పేజీ నిండా నా ముత్యాల దస్తూరీ. ఆయన డబ్బా తీశాడు. ఆక్సాలిక్ ఆమ్లం డబ్బాకు కంపెనీ సీలు అలాగే ఉంది.

1.5కీ 1.9కీ మధ్య ఉన్నది ఎనిమిది చుక్కలు. కొన్ని నా తొందర వేసినవి, మిగిలినవి బలం తగ్గిన సోడా వేసినవి. ఆ పాలు తీసుకున్నాం. కానీ ఆ వారంలో అంతకుముందు నా మాట మీద వెనక్కి వెళ్లిన క్యాన్లు ఉన్నాయి. వాటిలో పులిసినవి ఎన్నో, నా సోడా పులిపించినవి ఎన్నో తేల్చే దారి లేదు. పాలు నిలవ ఉండవు. వెనక్కి తీసుకెళ్లినవాళ్లు వాటిని తోడేసుకున్నారో, పారబోసుకున్నారో. రెండు గేదెలున్న ఇంటికి ఒక పూట పాల డబ్బులంటే ఏమిటో నాకు తెలియనిది కాదు, మా ఇల్లూ అదే. పరీక్షలో వండిన అంకె నా మార్కులు మాత్రమే తినేసింది. ఇది వేరేవాళ్ల నోటి దగ్గరిది తినేసింది. ఆ సొసైటీల ఊళ్లకు సైకిల్ మీద వెళ్లి సెక్రటరీలకు జరిగింది చెప్పాను. ఒకాయన తిట్టాడు. ఒకాయన మజ్జిగ ఇచ్చాడు. మజ్జిగ గొంతు దిగడమే ఎక్కువ కష్టమైంది.

అప్పటినుంచి సోమవారం పొద్దున్నే ముందు ఆక్సాలిక్ ఆమ్లం తూస్తాను. 250 మిల్లీలీటర్ల కుప్పెకు 1.575 గ్రాములు, అది 0.05 మొలార్. సోడా సీసా మూత బిగించి పెడతాను. పిపెట్ చివర మిగిలే చుక్కను ఊదను. అది మిగలాలని లెక్కేసే పిపెట్ గీత పెట్టారు. బ్యూరెట్ కొనలో గాలి బుడగ ఉంటే వదిలేసి మళ్లీ నింపుతాను. వచ్చిన గులాబీ పది, ఇరవై సెకన్లు నిలిస్తే చాలు, తర్వాత అది వెలిసిపోయినా ఇంకో చుక్క వేయను.

చెయ్యి మాత్రం పాత చెయ్యే. చివర్లో కాస్త ఎక్కువ రంగు చూడాలని ఇప్పటికీ వేళ్లు లాగుతాయి. ఈమధ్య ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి, నేను, ఒకే క్యాను పాలు విడివిడిగా చేశాం. నాకు 1.7 వచ్చింది. ఆమెకు 1.6. 0.15 గీతకు నాది అవతల పడింది, ఆమెది ఇవతల. "సార్, మీది కొంచెం ముదురుగా ఉందండీ" అని రెండు కుప్పెలూ పక్కపక్కన తెల్ల టైలు మీద పెట్టింది. నిజమే, ముదురుగా ఉంది. ఇద్దరం మళ్లీ చేశాం, ఈసారి ఇద్దరికీ 1.6. రిజిస్టర్లో అదే రాసి, నా మొదటి 1.7 కొట్టేయకుండా పక్కన కుప్పె రంగు ముదిరిందని కూడా రాశాను. క్యాను ట్యాంకులోకి పోసేశారు.